అవి కాలిపోలేదు

మొన్న ఇక్కడ ఐర్లండ్‌లోని తెలుగు నర్సు ఒకరు ఫోన్ చేశారు. వాళ్ల పక్కింటి ఐరిష్ పెద్దావిడకు ముత్తాత తండ్రి మేయో కౌంటీలో బడిపంతులట. "రికార్డులన్నీ 1922లో కాలిపోయాయట కదండీ, ఇక ఆశ లేనట్టేనా?" డబ్లిన్‌లో పాత కాగితాలు వెతికిపెట్టడం నా పని. ఈ ప్రశ్న వినకుండా నాకు వారం గడవదు. పాపం, అప్పటికే ఎవరో కాలిపోయినవాటికి బదులు ఏదో తవ్వితీస్తామని ఆ పెద్దావిడ దగ్గర డబ్బు గుంజారు.

కాలిన మాట నిజమే. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్ కోర్టుల సముదాయం ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డుల భవనం పోయింది. 1821 నుంచి 1851 వరకు జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. (1861 నుంచి 1891 వరకు లెక్కలను అంతకుముందే ప్రభుత్వం తానే నాశనం చేసింది. ఆ పాపం మంటకు అంటగట్టకండి.) కానీ 1831లో మొదలైన నేషనల్ స్కూళ్ల (సర్కారు డబ్బుతో నడిచే ప్రాథమిక బడుల) కాగితాలు అక్కడ లేవు. వాటిని నడిపే విద్యా కమిషనర్ల ఆఫీసు డబ్లిన్‌లోనే వేరేచోట, మార్ల్‌బరో వీధిలో ఉండేది. అందుకే పంతుళ్ల జీతాల పుస్తకాలు బతికాయి. ఇప్పుడవి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఆ పెద్దావిడ ఇంట్లో తరతరాల మాట: ఆ పంతులు తాగుబోతు, అందుకే ఉద్యోగం ఊడింది. పుస్తకంలో తాగుడు ఊసే లేదు. పిల్లల హాజరు పడిపోయినందున జీతం ఆపేశారని ఒక్క వాక్యం, పక్కన 1847. బంగాళాదుంప పంట కుళ్లి ఐర్లండ్‌లో జనం ఆకలితో చచ్చిన కరవు రోజులవి. ఆ కరవు తెలిసినవారికి ఆ అంకె చాలు. నకలు చేతికిస్తే ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లలు ఏమయ్యారు?" అని అడిగారు.

సర్కారు జీతం కాబట్టి పంతులు నిశ్చింతగా బతికాడని ఇంకొందరు అంటారు. జీతం కమిషనర్లదే, ఉద్యోగం మాత్రం స్కూలు మేనేజరు దయ. ఆయన సాధారణంగా ఊరి చర్చి గురువు. పైగా 1872 నుంచి 1900 దాకా రాబడిలో కొంత భాగం పరీక్ష ఫలితాలను బట్టే వచ్చేది. ఇన్‌స్పెక్టర్ ఒక్కో పిల్లవాడినీ చదివించి, రాయించి, లెక్క చేయించి చూసేవాడు. పిల్లవాడు పొలానికో, పీట్ (పొయ్యిలో కాల్చే బురదమట్టి) తవ్వకానికో పోయి బడి ఎగ్గొడితే పంతులు జేబుకు చిల్లు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. హెడ్జ్ స్కూళ్లు (కేథలిక్కుల అనధికార బడులు) ఎప్పుడూ పొదల కిందే నడిచాయంటారు. అలా నడిచింది ఎక్కువగా కేథలిక్కులు బడి నడపడాన్ని చట్టం నిషేధించిన కాలంలో. ఆ చట్టం 1782లో సడలింది, 1820ల నాటికి గుడిసెలూ కొట్టాలే బడులు. ఐరిష్ భాషను బడిలో చట్టం నిషేధించిందంటారు, నిషేధించలేదు. అయినా ఐరిష్ మాట నోట వస్తే పిల్లల మెడలో వేలాడదీసిన కర్రకు గాటు పెట్టి, సాయంత్రం లెక్కచూసి కొట్టేవారు. చాలాచోట్ల తల్లిదండ్రుల సమ్మతితోనే.

నా దగ్గరకు వచ్చేవారు కౌంటీ పేరు ఒక్కటే పట్టుకుని రాకండి, ఊరి పేరు కావాలి. డొనెగల్, కవాన్, మొనాహన్ వారు ఉత్తరాన ఉన్నామని, ఉత్తర ఐర్లండ్ రికార్డులుండే బెల్‌ఫాస్ట్‌కు పరిగెత్తకండి. మీ పుస్తకాలు డబ్లిన్‌లోనే ఉన్నాయి.