ఊడ్చిన ఆకులు చెత్తబండికి ఇవ్వకండి

పిల్లలూ,

మిద్దె మీద టమాటా, వంగ, మిరప కుండీలు పెట్టారంట, సంతోషం. పొద్దున నీళ్ళు పోసి బడికి పోయి వచ్చేసరికి మొక్కలన్నీ తలలు వాల్చేస్తున్నాయని ఊరికే టెన్షన్ పడొద్దు, దానికి మందులేం అక్కర్లేదు, మీ వీధిలో కానుగ చెట్టు కింద రోజూ ఊడ్చి చెత్తబండిలో వేస్తారే, ఆ ఆకులు చాలు.

మన తిరుపతిలో మే నెలంటే ఎండ 40 డిగ్రీలు దాటేస్తుంది, మిద్దె కింద నుంచి కూడా సెగ కొడుతుంది. నేలలో ఉన్న చెట్టుకైతే వేరు లోతుకు పోయి తేమ వెతుక్కుంటుంది, కుండీలో అది ఎక్కడికని పోతుంది? పైన మట్టి బోడిగా ఉంటే ఎండా గాలీ కలిసి తడి లాగేస్తాయి. మట్టి ఎండి అంచుల దగ్గర వదిలేసిందంటే మీరు ఎన్ని నీళ్ళు పోసినా పక్కనుంచి జారి కింద బొక్కలోంచి పోతాయి. అందుకే ముందు కలుపు పీకి, బాగా తడిపి, ఆ తర్వాత ఎండుటాకులు ఒకటిన్నర, రెండు అంగుళాల మందాన పరవండి. కాండం చుట్టూ మాత్రం రెండు వేళ్ళ సందు వదలాలి, తడి ఆకులు ఆనుకుని ఉంటే మొదలు కుళ్ళుతుంది. ఇంకో లాభం, వాన పడినప్పుడు మట్టి చింది టమాటా కింది ఆకులకు తగలదు, కొన్ని మచ్చ తెగుళ్ళు అట్లా చిందిన మట్టితో కూడా ఎక్కుతాయి.

కానుగ, వేప ఆకులు నాకు అన్నింటికన్నా నచ్చుతాయి. మామిడాకు మందం, అట్లాగే పరిస్తే పళ్ళెం మాదిరి నీళ్ళను ఆపేస్తుంది, నలిపి వేయండి. పచ్చి గడ్డి వేస్తే ముద్దగా అయి వేడెక్కి కంపు కొడుతుంది, ఎండబెట్టాకే వాడాలి. చెనక్కాయ పొట్టు భేషుగ్గా ఉంటుంది, మన పక్క దానికేం కరువు! కానీ సాయంత్రం ఉప్పేసి ఉడకబెట్టుకుని తిన్న కాయల పొట్టు మాత్రం వద్దు, ఆ ఉప్పు మట్టిలోకి దిగుతుంది. పిండినల్లి అనే తెల్ల పురుగు పట్టిన మందార కొమ్మలు, పూత మీదున్న వయ్యారిభామ కలుపు కూడా వద్దే వద్దు.

ఎండుటాకుల్ని మట్టిలో కలపకండి, పైనే ఉండనీయండి. కలిపితే అవి కుళ్ళడానికి మట్టిలోని నత్రజనిని సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి, మొక్క పసుపెక్కుతుంది. పైన ఉన్నవి మెల్లగా వాటంతటవే చివికిపోతాయి, అయినా అది ఎరువుకు బదులు కాదు, వర్మీకంపోస్టు ఎప్పటిలాగే వేయాల్సిందే.

ఆకులు పరిచాక పైన చూసి నీళ్ళు పోయొద్దు. ఆకు ఎండినా కింద తడి ఉండొచ్చు. పక్కకు జరిపి వేలు దించి చూడండి, తడి తగిలితే ఆ పూట మానేయండి, మధ్యాహ్నం వాలిన మొక్క సాయంత్రానికి తేరుకుందంటే అది ఎండ పనే. అక్టోబరు నుంచి మన వైపు వానలు పట్టుకుంటాయి గదా, అప్పుడు పొర పలచన చేయండి, లేకపోతే నత్తలు చేరతాయి. కొత్తిమీర, ముల్లంగి విత్తనాలు చల్లిన కుండీల్లో మొలకలు నాలుగాకులు వేసేదాకా ఏమీ పరవొద్దు.

మీ అవ్వ