నొప్పుల బిళ్ళతో గ్యాస్ బిళ్ళ ఎందుకిస్తారు? వెనక ఉన్న కొవ్వుల చరిత్ర

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో మందుల షాపుకెళ్లి మోకాళ్ల నొప్పులంటే చాలు, నొప్పుల బిళ్ళతో పాటు ఒక గ్యాస్ బిళ్ళ కూడా కవర్లో వేసి ఇస్తారు. 2006 ప్రాంతంలో చికున్‌గున్యా వచ్చిపోయాక నెలల తరబడి కీళ్లు పట్టేసి, ఈ బిళ్ళల మీదే నెట్టుకొచ్చినవాళ్లు మన వైపు చాలామందే. ఆ రెండో బిళ్ళ ఎందుకని అడిగితే "కడుపులో మంట రాకుండా" అంటారు. నిజమే, కానీ నొప్పి తగ్గించే మందుకి కడుపుతో ఏం పని?

జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. 1930లో న్యూయార్క్‌లో కుర్జ్‌రాక్, లీబ్ అనే ఇద్దరు డాక్టర్లు, వీర్యం తగిలితే గర్భాశయ కండరం ముడుచుకోవడమో వదులవడమో గమనించారు. 1935లో స్వీడన్‌లో వాన్ ఆయిలర్, వీర్యంలో ఉండి ఆ పని చేయించే పదార్థానికి ప్రోస్టాగ్లాండిన్ అని పేరు పెట్టాడు. దాన్ని శుద్ధి చేసి అదొక కొవ్వు పదార్థమని తేల్చింది బెర్గ్‌స్ట్రోమ్. కణాల పొరలోనే అరకిడోనిక్ ఆమ్లం అని ఒక కొవ్వు ఆమ్లం ఉంటుంది, దెబ్బ తగిలినా ఇన్ఫెక్షన్ వచ్చినా శరీరం దాన్ని ఊడదీసి అప్పటికప్పుడు ప్రోస్టాగ్లాండిన్ చేసుకుంటుంది, ముందే చేసి దాచిపెట్టుకోదు. ఇక ఆస్పిరిన్ 1899 నుంచి అమ్ముడవుతూనే ఉంది కానీ అది ఆపేది ఈ తయారీనే అని లండన్‌లో జాన్ వేన్ చూపించింది 1971లో. అంటే డెబ్బై ఏళ్లకు పైగా ఎలా పనిచేస్తుందో తెలియకుండానే జనం మింగారన్నమాట! బెర్గ్‌స్ట్రోమ్, ఆయన శిష్యుడు శామ్యూల్సన్, వేన్ ముగ్గురికీ 1982లో నోబెల్ వచ్చింది.

నాకు వీటన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది బ్రెజిల్ శాస్త్రవేత్త ఫెరీరా 1970ల మొదట్లో చెప్పిన మాట. ప్రోస్టాగ్లాండిన్ తనంతట తానుగా పెద్దగా నొప్పి పుట్టించదు, నరాన్ని రెచ్చగొట్టి ఉంచుతుంది, దాంతో మామూలుగా పట్టించుకోని చిన్న తాకిడికి కూడా ప్రాణం లేచొస్తుంది. ఇది అర్థం కావాలంటే గుంటూరు మిర్చి యార్డు చాలు. మిరపలోని క్యాప్సైసిన్ తగిలితే తెరుచుకునే ద్వారం ఒకటి నరాల చివర్లలో ఉంటుంది, పేరు టీఆర్‌పీవీ1, 1997లో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది, 2021లో ఆయనకీ నోబెల్ వచ్చింది. వేడికైతే అది సుమారు 43 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది (బెజవాడ మే నెల మధ్యాహ్నం అనుకోండి). వాచిన చోట ప్రోస్టాగ్లాండిన్ చేరితే మాత్రం ఆ హద్దు ఒంటి వేడి దాకా దిగిపోగలదని ప్రయోగాల్లో తేలింది. తొడిమలు తీసేవాళ్ల చేతుల్లో, బాగున్న వేళ్లన్నీ ఎలాగో ఓర్చుకున్నా గోరుచుట్టు లేచిన వేలు ఒక్కటే భగ్గుమనడంలో దీని చెయ్యీ ఉంటుంది.

ఇప్పుడు గ్యాస్ బిళ్ళ సంగతి. కడుపు లోపలి పొరని సొంత యాసిడ్ నుంచి కాపాడే జిగురు ఊరేది, కిడ్నీకి రక్తం సరిగా అందేది కూడా ఈ ప్రోస్టాగ్లాండిన్ల వల్లే. ఆస్పిరిన్‌లాగే పనిచేసే నొప్పుల బిళ్ళ ఏదైనా తయారీ ఆపితే అక్కడా ఆగుతుంది, అందుకే యాసిడ్ తగ్గించే గ్యాస్ బిళ్ళ తోడిస్తారు. 1990ల మొదట్లో తయారీ ఎంజైములు రెండున్నాయని తేలింది: కడుపులో ఎప్పుడూ ఉండే కాక్స్-1, వాపు వచ్చినప్పుడు పెరిగే కాక్స్-2. రెండోదాన్నే ఆపితే కడుపుకి ఇబ్బంది ఉండదనుకుని రోఫెకాక్సిబ్ లాంటి మందులు తెచ్చారు. కడుపు కొంత బాగుపడింది, గుండెపోట్లు పెరిగాయి. రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రోస్టాసైక్లిన్ కూడా కాక్స్-2 మీదే ఆధారపడుతుంది, దాన్ని ఆపేసి, కాక్స్-1 మీద నడిచే, గడ్డకట్టించే థ్రాంబాక్సేన్‌ని వదిలేశారు మరి. 1999లో వచ్చిన రోఫెకాక్సిబ్‌ని 2004లో మార్కెట్ నుంచి తీసేశారు.

ఆ తర్వాత కథ ఇంకో మలుపు తిరిగింది. 2000 తర్వాత హార్వర్డ్‌లో సెర్హాన్ బృందం చేపల్లో దొరికే ఒమేగా-3 కొవ్వుల నుంచి శరీరం రిజాల్విన్లు అనేవి చేసుకుంటుందని, వాపుని చల్లార్చడంలో వాటికి పాత్ర ఉందని చూపించింది. చేపల పులుసుతో మోకాళ్లు బాగవుతాయని అనుకోకండి, అంత దూరం రాలేదు. కానీ వాపు తగ్గే దశకి మళ్లడానికి కూడా ప్రోస్టాగ్లాండిన్లే కొంత దారి చూపుతాయి, కాక్స్-2ని మధ్యలో ఆపేస్తే వాపు తగ్గడం ఆలస్యమైందని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది.