క్లింగాన్ భాషలో ప్రశ్నపదం చోటు

'స్టార్ ట్రెక్' అంతరిక్ష సినిమాల్లోని క్లింగాన్ అనే గ్రహాంతర జాతి కోసం మార్క్ ఓక్రాండ్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త ఒక భాషనే అల్లాడు. దాని నిఘంటువు, వ్యాకరణం కలిపి 1985లో పుస్తకంగా వచ్చాయి. ఈ భాషలో కర్మ ముందు, క్రియ మధ్య, కర్త చివర వస్తాయి. మనుషుల భాషల్లో ఇది చాలా అరుదైన క్రమం. బ్రెజిల్‌లోని హిష్కర్యాన లాంటి కొద్ది భాషల్లోనే కనిపిస్తుంది.

ఇక ప్రశ్న అడగాలంటే? ఇంగ్లీషులో అయితే ప్రశ్నపదం వాక్యం మొదటికి రావాలి. క్లింగాన్‌లో 'ఇవ్' అంటే ఎవరు, 'నుక్' అంటే ఏమిటి. ఈ రెండూ జవాబు ఎక్కడ ఉండాలో అక్కడే కూర్చుంటాయి. 'యష్' అంటే అధికారి, 'లెఘ్' అంటే చూడడం. 'యష్ లెఘ్ ఇవ్' అంటే 'అధికారిని ఎవరు చూస్తున్నారు?' అని. అదే మాటలను తిప్పి 'ఇవ్ లెఘ్ యష్' అంటే 'అధికారి ఎవరిని చూస్తున్నాడు?' అని. తెలుగులో 'ని' అనే విభక్తి ఉంది కాబట్టి 'అధికారిని ఎవరు' అన్నా, 'ఎవరు అధికారిని' అన్నా అర్థం చెడదు. క్లింగాన్‌లో కర్తకూ కర్మకూ అలాంటి గుర్తు లేదు, చూసినదెవరో చూడబడినదెవరో తేల్చేది చోటే. ప్రశ్నపదాన్ని కదిపితే ప్రశ్నే మారిపోతుంది.

ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే పదాలు మాత్రం వాక్యం మొదట్లో వస్తాయి. వీటికి వేరే సూత్రం ఉందని చాలామంది విడిగా బట్టీపడతారు. నిజానికి అక్కర్లేదు. 'ఈరోజు', 'ఓడలో', 'త్వరగా' లాంటి మాటలు క్లింగాన్‌లో మామూలుగానే కర్మకంటే ముందు వస్తాయి. కాబట్టి 'ఘోర్ఘ్' (ఎప్పుడు) కూడా తన జవాబు చోటులోనే ఉంది. 'నుక్‌డక్' (ఎక్కడ) సంగతి మరీ స్పష్టం. 'నుక్'కు స్థలాన్ని చెప్పే 'డక్' ప్రత్యయం చేరితే వచ్చిన మాట అది.

అవునా కాదా అని అడగడానికి క్రియ చివర 'అ' చేరుస్తారు. 'చొలెఘ్' అంటే నన్ను చూస్తున్నావు, 'చొలెఘ్అ' అంటే నన్ను చూస్తున్నావా? తెలుగువాడికి ఇది ఇంటి మాటలాగే వినిపిస్తుంది. కానీ మనం 'నువ్వా చేసింది?' అని ఏ పదానికైనా 'ఆ' తగిలించగలం. క్లింగాన్‌లో ప్రశ్నార్థకమైన 'అ' క్రియకే పరిమితం. నామవాచకానికి చేరిస్తే 'మహా' అనే అర్థం వస్తుంది. 'షుష్' గాలి అయితే, 'షుష్అ' పెనుగాలి.

'అర్' (ఎంత, ఎన్ని) ఒక్కటే నిజంగా దారి తప్పింది. సంఖ్య నామవాచకానికి ముందు వస్తుంది, 'వ డుష్' అంటే ఒక టార్పెడో గొట్టం. 'అర్' మాత్రం వెనక వస్తుంది. 'నిన్' అంటే ఇంధనం, 'నిన్ అర్ విఘజ్' అంటే 'మన దగ్గర ఎంత ఇంధనం ఉంది?' అని. సంఖ్యను అలా వెనక పెట్టి 'డుష్ వ' అన్నామా, అది లెక్క కాదు, ఒకటో నంబరు గొట్టం. లెక్క అడిగే మాట లెక్క చెప్పే చోటును వదిలి, నంబరు వేసే చోటులో నిలబడింది.