కూరలు తరిగే చెక్కకు ఏ జిగురు?

మాంసం కొట్లలో కనిపించే చింతమొద్దుకు జిగురుతో పని లేదు. చెట్టు కాండాన్ని అడ్డంగా కోసిన ఒకే ముక్క అది. వంటింట్లో కూరలు తరుక్కునే పలక సంగతి అలా కాదు. అంత వెడల్పున్న ఒంటి చెక్క దొరకడం కష్టం, దొరికినా వంపు తిరగకుండా ఉండదు. అందుకే సన్నటి ముక్కలను పక్కపక్కన పేర్చి అతికిస్తారు. కత్తిపీటలు మూలపడి, నిలబడి తరిగే గట్లు వచ్చాక, తలుపులకు పోగా మిగిలిన టేకు ముక్కలతో సొంతంగా పలక చేసుకోవాలన్న ముచ్చట చాలామందికి పట్టుకుంది. వాళ్లలో దాదాపు అందరూ మొదట అడిగేది ఒక్కటే: ఆ జిగురు తిండిలోకి దిగదా?

భయం సహజమే, కానీ గురి తప్పింది. చక్కగా చిత్రిక పట్టిన రెండు ముక్కల మధ్య మిగిలే జిగురు ఇంచుమించు వెంట్రుక మందమే ఉంటుంది. కత్తికీ కూరకీ తగిలేది ఆ గీత అంచు మాత్రమే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నిబంధనల్లో 175.105 సెక్షన్ ఇలాంటి జిగుళ్ల గురించే: ఆహారం ఉంచే వస్తువుల తయారీకి వాడే జిగుళ్లలో ఏ పదార్థాలు ఉండవచ్చో అది చెబుతుంది, అతుకుల దగ్గర లేశమాత్రంగా బయటపడితే అభ్యంతరం లేదంటుంది. సీసా మీద ‘ఆహారానికి పరోక్షంగా తగిలే చోట వాడవచ్చు’ అని ఉంటే దానికి అర్థం ఇదే. జిగురు తినవచ్చని కాదు, అది పూర్తిగా ఆరిన తర్వాతి మాట కూడా.

నా దృష్టిలో అసలు శత్రువు నీళ్లు. వడ్రంగులు వాడే తెల్ల జిగురులో ఉన్నది పాలివినైల్ అసిటేట్ అనే ప్లాస్టిక్. అది నీళ్లలో కరగదు. పాలలో వెన్న బొట్లు తేలినట్టు, కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా నీళ్లలో తేలుతూ ఉంటుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకుని డబ్బాలోనే గడ్డకట్టకుండా వాటి చుట్టూ పాలివినైల్ ఆల్కహాల్ పొర కాపలా కాస్తుంది. ఇది మాత్రం నీళ్లలో కరుగుతుంది. చెక్కకు రాయగానే నీటిని చెక్క పీల్చేసుకుంటుంది, రేణువులు ఒత్తుకుని ఒకే పొరగా కలిసిపోతాయి. కాపలా పదార్థం ఎక్కడికీ పోదు. పొరలోనే చిక్కుకుని, తర్వాత ఎప్పుడు తడి తగిలినా నీళ్లకు దారి చూపిస్తుంది. ఎండిన జిగురు చుక్కను రాత్రంతా నీళ్లలో వేసి ఉంచితే తెల్లవారేసరికి పాలిపోయి తెల్లబడుతుంది, గోరు దిగేంత మెత్తబడుతుంది. పలక అతుకు లోపల జరిగేదీ అదే, కాకపోతే మన కంటపడదు.

నీటికి తట్టుకునే రకాల్లో ఈ ప్లాస్టిక్ గొలుసుల మధ్య అడ్డబంధాలు ఏర్పడేలా చేస్తారు. నీళ్లు లోపలికి వచ్చినా గొలుసులు విడిపోయి జారవు. ఎంతవరకు తట్టుకుంటాయో తేల్చడానికి యూరప్‌లో ఈఎన్ 204 అనే ప్రమాణం ఉంది. అతికించిన బీచ్ అనే చెట్టు చెక్క ముక్కలను లాగి చూసి జిగురుకు డి1 నుంచి డి4 దాకా తరగతి ఇస్తారు. పొడిగా ఉన్నప్పుడు అతుకు చదరపు మిల్లీమీటరుకు 10 న్యూటన్ల బలం చూపాలి. డి3 తరగతి రావాలంటే నాలుగు రోజులు చన్నీళ్లలో నానాక, ఆ తడి మీదనే 2 న్యూటన్లు తట్టుకుంటే చాలు. డి4కు అదే పరీక్షలో 4 కావాలి, ఆరు గంటలు మరిగే నీళ్లలో ఉంచి చల్లార్చాక కూడా 4 నిలవాలి. ‘నీటికి తట్టుకునే’ జిగురు కూడా నానితే బలంలో అయిదో వంతుకు పడిపోవచ్చని ఆ ప్రమాణమే ఒప్పుకుంటోందన్నమాట. తరిగాక కడిగి ఆరబెట్టే పలకకు డి3 సరిపోతుంది. సింకులో రాత్రంతా నానబెట్టే ఇంట్లో అయితే జిగురు మార్చడం కన్నా అలవాటు మార్చుకోవడం మేలు. డిష్‌వాషర్‌కు చెక్క పలకను అసలు అప్పగించకూడదు.

మన హార్డ్‌వేర్ కొట్లో ఫెవికాల్ అని మాత్రమే అంటే సాధారణంగా మామూలు తెల్ల రకమే చేతికి వస్తుంది. నీటికి తట్టుకునే మెరైన్ రకం విడిగా అడగాలి, ఆహారం గురించి డబ్బా మీద ఏమైనా రాశారో లేదో చూడాలి. అమెరికాలో గ్యారేజీల్లో చెక్కపని చేసుకునే తెలుగువాళ్లకు టైట్‌బాండ్ 3 అనే నీటికి తట్టుకునే జిగురు తెలిసే ఉంటుంది. అది దాదాపు 8 డిగ్రీల సెల్సియస్ కన్నా చలిలో సరిగా పొర కట్టదు, సుద్దలా మిగిలిపోతుంది. మే నెల విజయవాడలో ఆ బెంగ లేదు. అక్కడ ఇబ్బంది, ముక్కలు పేర్చేలోపే జిగురు పైన తొక్క కట్టేయడం.

పాలీయురేథేన్ జిగురు తేమతో గట్టిపడుతుంది, నీటికి బాగానే నిలుస్తుంది. కానీ నురగగా పొంగుతుంది. ఆ నురగ సందును నింపుతుందే తప్ప బలం ఇవ్వదు. వేళ్లకు అంటితే రోజుల తరబడి వదలదు. రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు సందులు పూడ్చడానికి మంచిదే గానీ ఆ పాళ్లు తప్పితే పూర్తిగా గట్టిపడదు. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి కూడా. వేడి గిన్నెను పలక మీద దించే ఇంటికి అది పనికిరాదు.

ఏ జిగురైనా చెక్క కదలికను ఆపలేదు. తేమ పీల్చినప్పుడు చెక్క నార పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. చెట్టు వలయాలు పలక ముఖం వెంట వచ్చేలా కోసిన టేకు పలక 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, చెక్కలోని తేమ 4 శాతం పెరిగిందంటే సుమారు 2 మిల్లీమీటర్లు విస్తరిస్తుంది. అందం కోసం చుట్టూ నార అడ్డంగా ఉండేలా పట్టీ అతికిస్తే, ఒకటి పెరుగుతానంటే రెండోది వద్దంటుంది. చివరికి అతుకైనా ఊడుతుంది, పలకైనా పగులుతుంది. నారలు ఒకే దిశలో ఉండేలా పక్కపక్కన అతికించిన చోట ఈ పేచీ ఉండదు. అక్కడ అతుకు చెక్క కన్నా బలంగా ఉంటుంది, విరగ్గొడితే పక్కనున్న చెక్కే చీలుతుంది.

టేకుకు ఇంకో తంటా ఉంది. దానిలోని సహజ నూనె మెల్లగా పైకి వచ్చి జిగురును చెక్కలోకి దిగనివ్వదు. నిన్న చిత్రిక పట్టిన ముఖం ఇవాళ మనకు శుభ్రంగానే కనిపిస్తుంది, జిగురుకు మాత్రం కాదు. అందుకే చిత్రిక పట్టిన వెంటనే, అసిటోన్‌తో తుడిచి ఆరగానే అతికించాలి. క్లాంపులు బిగించినప్పుడు అతుకు పొడవునా జిగురు ముత్యాల వరసలా బయటికి రావాలి. వరస మధ్యలో తెగితే అక్కడ జిగురు చాలలేదని లెక్క. బయటికి వచ్చినదాన్ని తడిగుడ్డతో తుడిస్తే పలచబడి చెక్క రంధ్రాల్లోకి పోతుంది, తర్వాత నూనె పట్టించినప్పుడు ఆ మేర మచ్చలు తేలతాయి. రబ్బరులా సాగే దశ దాకా ఆగి ఉలితో గీస్తే పట్టీలా ఊడి వస్తుంది.

ఒక రోజు గడిచాక నూనె పెట్టవచ్చు. వంటనూనెలు ముక్కిపోతాయి కాబట్టి ఆహారానికి వాడదగిన మినరల్ ఆయిల్ నయం. కడిగాక పలకను గ్రానైట్ గట్టు మీద వెల్లకిలా పడేస్తే కింది ముఖం తడిగా, పై ముఖం పొడిగా ఉండి గిన్నెలా వంగుతుంది. అంచు మీద నిలబెట్టినా, కింద నాలుగు రబ్బరు బుడిపెలు బిగించినా రెండు ముఖాలూ ఒకేలా ఆరుతాయి.