“మాకేం తెలియదు కదండీ, మేమొచ్చి ఏం చేస్తాం?” - ఉచిత ప్రకృతి ప్రసంగాల మీద అపోహలు, వాస్తవాలు

అడవి జంతువుల గురించి, కొండలు, నదులు, సముద్రాల గురించి, అన్వేషణ యాత్రల గురించి ఉచితంగా మాట్లాడటం చాలా ఏళ్లుగా నా పని. లైబ్రరీ హాలైనా, బడి వరండా అయినా సరే, ఒక గోడ ఖాళీగా ఉంటే చాలు, స్లైడ్లు వేసి మొదలుపెడతాను. ప్రతి టాక్‌కి ముందు ఫోన్లు వస్తాయి. ఎన్నింటికి మొదలవుతుందని అడిగేవాళ్లు తక్కువ. ఎక్కువమంది అడిగేది ఇదే: “మేడమ్, మాకు ఈ సబ్జెక్టు ఏమీ తెలియదు. వచ్చి కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు కదా?”

ఇష్టం లేనివాళ్లు అసలు ఫోనే చెయ్యరు. రావాలని ఉంది, భయం అడ్డం పడుతోంది. “అందరికీ ఆహ్వానం” అని పోస్టర్ మీద పెద్దక్షరాలతో వేసినా, ఆ అందరిలో తాము లేమనుకునేవాళ్లు ఎంతమందో. నాకు బాధ కలిగించేది ఇదే. అందుకే ముందుగా, గట్టిగా, దీని గురించే చెప్తాను.

అపోహ: ఎంతో కొంత తెలిసినవాళ్లకే ఈ టాక్‌లు. తెలియనివాళ్లు ప్రశ్న అడిగితే నవ్వులపాలవుతారు.

వాస్తవం: తెలియనివాళ్ల కోసమే ఈ టాక్‌లు. మీరు అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఆ హాల్లో ఇంకో పదిమంది మనసులో కూడా ఉంటుంది.

ఒకసారి టాక్ అయిపోయి అందరూ వెళ్లిపోయారు, నేను వైర్లు చుట్టుకుంటున్నాను. ఒకావిడ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కాసేపటికి దగ్గరికొచ్చి మెల్లగా విషయం చెప్పింది. వాళ్ల పాప చెట్టు కింద పడి ఉన్న పక్షి పిల్లను చేత్తో పట్టుకుందట. “మనిషి వాసన తగిలింది, ఇక తల్లి దాన్ని ముట్టదు, నీ వల్లే చచ్చిపోతుంది” అని ఎవరో పెద్దవాళ్లు అన్నారట. అప్పటినుంచీ పాప సరిగ్గా తినడం లేదు, రాత్రిళ్లు లేచి ఏడుస్తోంది. ఈవిడ టాక్ మొత్తం కూర్చుంది, ప్రశ్నల సమయం అంతా కూర్చుంది, చెయ్యి మాత్రం ఎత్తలేదు. “ఇంత చిన్న విషయం అడిగితే బాగోదేమో అనుకున్నానండీ” అంది.

చిన్న విషయమా? ఒక పసిపిల్ల కంటి మీద కునుకు లేకుండా చేస్తున్న విషయం!

ఆవిడకు చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. మనిషి చెయ్యి తగిలిందని పక్షులు పిల్లల్ని వదిలెయ్యవు. మామూలుగా మన చుట్టూ కనిపించే పక్షులు పిల్లల్ని పోల్చుకునేది ముఖ్యంగా గొంతును బట్టి, గూడు ఉన్న చోటును బట్టి. కింద కనిపించిన పిల్లకు ఒళ్లంతా ఈకలు వచ్చి, తోక పొట్టిగా ఉండి, గెంతుతూ ఉంటే అది పడిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లీ తండ్రీ దగ్గర్లోనే ఉంటాయి, మనం పక్కకు తప్పుకోగానే వచ్చి మేత పెడతాయి. పిల్లిగానీ కుక్కగానీ తిరిగే చోటైతే తీసి దగ్గర్లోని పొదలో పెట్టండి, చాలు. ఇంకా ఈకలు రాని, కళ్లు తెరవని పిల్ల అయితే జాగ్రత్తగా తీసి గూట్లోనే పెట్టాలి. గాయం కనిపిస్తే మాత్రం వన్యప్రాణుల్ని చూసుకునేవాళ్లకు అప్పగించాలి. ఇంటికి తెచ్చి నోట్లో నీళ్లు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

లేడి పిల్ల, కుందేలు పిల్ల విషయమూ ఇంతే. గడ్డిలో ఒంటరిగా కదలకుండా పడుకుని ఉంటే తల్లి వదిలేసిందని ఎత్తుకొచ్చేస్తారు. తన జాడ పట్టుకుని ఏ జంతువూ పిల్ల దగ్గరికి రాకూడదని తల్లే దూరంగా మేస్తూ ఉంటుంది. కాపాడుతున్నామనుకుని పిల్లను తల్లికి దూరం చేస్తున్నాం.

ఇదంతా ఆవిడ హాల్లోనే అడిగి ఉంటే ఎంతమంది వినేవారో!

ఇంకో సంగతి. తెలియదు అనుకునేవాళ్ల దగ్గరే ఒక్కోసారి మా ఎవరి దగ్గరా లేని సమాచారం ఉంటుంది. ఒక గోడౌన్‌లో రాత్రి కాపలా ఉండే పెద్దాయన చివరి వరుసలో కూర్చునేవారు. “నాకు చదువు లేదు మేడమ్” అనేది ఆయన మొదటి మాట. పాత షెడ్డు పైకప్పు లోపల రాత్రిళ్లు ఎవరో గురక పెడుతున్నట్టు చప్పుడు వస్తోందని, దెయ్యమని పనివాళ్లు అటు వెళ్లడం మానేశారని, ఆ కన్నం సిమెంటుతో మూసేద్దామంటున్నారని చెప్పారు. ఆ తర్వాత ఆయన అన్న మాట చూడండి: “తెల్లగా ఏదో చప్పుడు లేకుండా లోపలికి పోతుంది మేడమ్. అది పోయినప్పుడే గురక ఎక్కువవుతుంది.”

నెలల తరబడి రాత్రంతా మేలుకుని చూసిన మనిషి మాత్రమే చెప్పగల మాట అది. ఆ తెల్లటిది బార్న్ ఔల్, గుండె ఆకారం ముఖం ఉండే గుడ్లగూబ. గురక దాని పిల్లలది, ఆకలేసినప్పుడు అవి అలాగే బుసకొడతాయి. తల్లిగానీ తండ్రిగానీ ఎలుకను పట్టుకుని లోపలికి రాగానే చప్పుడు పెరుగుతుంది. దాని రెక్క ఈకల ముందంచు దువ్వెన పళ్లలా ఉంటుంది కాబట్టి ఎగురుతుంటే వినిపించదు. కన్నం మూసి ఉంటే పిల్లలన్నీ లోపలే చచ్చేవి. ఆయన నోరు విప్పారు కాబట్టి బతికాయి.

నమ్మకం కుదరకపోతే మోనార్క్ సీతాకోకచిలుకల కథ వినండి. ఉత్తర అమెరికాలో చలికాలం వచ్చేసరికి ఇవి కోట్ల సంఖ్యలో మాయమయ్యేవి, ఎక్కడికి పోతున్నాయో శాస్త్రవేత్తలకు తెలియదు. కెనడాకు చెందిన ఫ్రెడ్ ఉర్క్‌హార్ట్, ఆయన భార్య నోరా దశాబ్దాల పాటు వాటి రెక్కలకు చిన్న కాగితం ట్యాగ్‌లు అంటించారు. ఇద్దరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి మామూలు జనాన్ని సాయం అడిగారు. బడిపిల్లలు, టీచర్లు, రిటైరైనవాళ్లు వేలమంది ముందుకొచ్చారు. 1975 జనవరిలో వాళ్ల వలంటీర్లు కెన్ బ్రగ్గర్, కాటలీనా అగ్వాడో మెక్సికో కొండల్లో, దాదాపు 3,000 మీటర్ల ఎత్తులో, ఆకు కనిపించకుండా సీతాకోకచిలుకలు కప్పేసిన చెట్లను చూశారు. మరుసటి ఏడాది ఉర్క్‌హార్ట్ స్వయంగా అక్కడికి వెళ్తే, వాటి బరువుకు ఒక కొమ్మ విరిగి ఆయన ముందే పడింది. పడినవాటిలో ఒకదాని రెక్క మీద ట్యాగ్ ఉంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని చాస్కా అనే ఊళ్లో ఒక టీచరు, ఇద్దరు విద్యార్థులు అంటించిన ట్యాగ్ అది.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇంకొకటి ఉంది. ఆ కొండ ఊళ్లవాళ్లకు ఆ సీతాకోకచిలుకలు తరతరాలుగా తెలుసు. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వాళ్లకు తెలియదు, ఎక్కడికి పోతున్నాయో ఇవతలివాళ్లకు తెలియదు. రెండు వైపులా కలిపి కూర్చోబెట్టే చోటు లేక ఇన్నేళ్లు పట్టింది.

అపోహ: దూరదేశాల కబుర్లు, టైమ్‌పాస్. మన బతుక్కి పనికొచ్చేవి కావు.

వాస్తవం: 2004 డిసెంబర్ 26. టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లిష్ అమ్మాయి థాయిలాండ్‌లోని ఫుకెట్ బీచ్‌లో ఉంది. సముద్రం నురగలు కక్కుతూ వింతగా పైకి రావడం చూసింది. రెండు వారాల ముందే భూగోళం క్లాసులో సునామీ గురించి విని ఉంది కాబట్టి అమ్మానాన్నల్ని కంగారుపెట్టి మరీ చెప్పింది. బీచ్ ఖాళీ చేయించారు, దాదాపు వందమంది ప్రాణాలు దక్కాయి.

అదే రోజు, ఆ సునామీని పుట్టించిన భూకంపం కేంద్రానికి దగ్గర్లో ఉన్న ఇండోనేషియా ద్వీపం సిమెలూలో సుమారు 78,000 మంది ఉన్నారు. చనిపోయింది ఏడుగురు. అక్కడ 1907లో సునామీ వచ్చింది. భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి తగ్గితే చేపలు ఏరుకోవడానికి వెళ్లొద్దు, కొండెక్కండి అని అప్పటివాళ్లు పిల్లలకు చెప్పారు. వాళ్లు తమ పిల్లలకు చెప్పారు. చుట్టూ కూర్చుని వినడం, మళ్లీ చెప్పడం, అంతే జరిగింది. సైరన్ లేదు, ఫోన్ మెసేజ్ లేదు. ఆ సునామీలో మొత్తం మీద రెండు లక్షలకు పైగా జనం పోయారు.

టైమ్‌పాస్ అనేవాళ్లకు ఇంతకంటే చెప్పను.

మిగతా అపోహలు, టాక్‌ల గురించినవీ ప్రకృతి గురించినవీ, త్వరగా ముగిస్తాను.

“అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి.” ఉన్నాయి. మీ షెడ్డులో గురక పెట్టేది ఏమిటో అందులో లేదు.

“ఫ్రీ అంటే చివర్లో చందా అడుగుతారు.” టెన్షన్ పడకండి. నేను అడగను. ఎక్కడైనా హుండీ పెడితే, వెయ్యాలనుంటే వెయ్యండి, లేకపోతే ధైర్యంగా తలెత్తుకుని వెళ్లండి.

“పిల్లలు గోల చేస్తారు.” చెయ్యనివ్వండి. మంచి ప్రశ్నల్లో సగం వాళ్లవే.

“గబ్బిలాలకు కళ్లు కనిపించవు.” కనిపిస్తాయి. పళ్లు తినే పెద్ద గబ్బిలాల్లో ఎక్కువ జాతులు దారి వెతుక్కునేది చూపుతో, వాసనతోనే.

“ఊబి మనిషిని నిలువునా మింగేస్తుంది.” నీళ్లూ ఇసుకా కలిసిన ఆ ముద్ద మన ఒంటికంటే చిక్కన, నడుము దాటి లోపలికి పోవడం కష్టం. ఇరుక్కున్న చోటికి ఆటుపోట్ల నీళ్లు రావడమే అసలు ప్రమాదం. కాబట్టి గింజుకోకుండా వెనక్కి వాలి, కాళ్లు కొద్దికొద్దిగా కదుపుతూ బయటపడాలి.

“కనిపెట్టడానికి ఇంకేం మిగిలింది?” సముద్రం అడుగు భాగంలో ఇప్పటివరకూ శబ్దంతో లోతు కొలిచే సోనార్‌తో సరిగ్గా మ్యాప్ వేసింది సుమారు నాలుగో వంతే. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటే అంతరించిందనుకున్న సీలకాంత్ చేప 1938లో దక్షిణాఫ్రికా దగ్గర వలలో పడింది. ఒక చిన్న మ్యూజియం చూసుకునే మార్జరీ కోర్ట్నీ-లాటిమర్ దాన్ని చేపల గుట్టలోంచి బయటికి తీశారు. కొత్తవేమైనా పడితే కబురు పెట్టమని ఆవిడ జాలర్లతో ముందే చెప్పి ఉంచారు.

వచ్చేటప్పుడు ఏమైనా తేవాలా అని అడుగుతుంటారు. మీరు చూసిన జంతువు, పక్షి, పురుగు ఫోటో ఉంటే తెండి, మసకగా ఉన్నా సరే. ఫోటో లేకపోతే ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా చూశారో రాసుకుని రండి. నలుగురిలో అడగడానికి ఇబ్బందిగా ఉంటే చీటీ మీద రాసి ఇవ్వండి, పేరు రాయక్కర్లేదు. చీటీలన్నీ చదివాకే మైకు ఆపుతాను.