ఆట ముగిశాక మొదటి గంట: కాలేజీ ఫుట్‌బాల్ అభిమానుల గురించి అపోహలు - వాస్తవాలు

అలబామా రాష్ట్రానికి కొత్తగా వచ్చిన వాళ్లను ఇక్కడివాళ్లు పేరు అడిగిన వెంటనే అడిగే మాట ఒకటుంది. "మీరు అలబామానా, ఆబర్నా?" హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎమ్మెస్ చదవడానికి వచ్చిన పిల్లలు, ఏ ఊళ్లో ఉంటున్నామో అడుగుతున్నారనుకుని అపార్ట్‌మెంట్ అడ్రసు చెబుతారు. అవతలివాళ్లు అడిగింది నువ్వు ఏ జట్టు మనిషివి అని.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఈ రాష్ట్రానికి ఎన్‌ఎఫ్‌ఎల్ అనే పెద్ద ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగులో జట్టు లేదు. జనం ప్రాణం పెట్టేది రెండు యూనివర్సిటీల జట్ల మీద. ఒకటి టస్కలూసాలోని అలబామా, రెండోది ఆబర్న్. 1893లో బర్మింగ్‌హామ్‌లో మొదటిసారి తలపడ్డాయి. 1907 తర్వాత మనస్పర్థలు వచ్చి 41 ఏళ్లు ఒకరితో ఒకరు ఆడటమే మానేశారు. 1948లో మళ్లీ మొదలుపెట్టారు. ఇనుము, ఉక్కుకు పేరుపడ్డ బర్మింగ్‌హామ్‌లో ఏళ్ల తరబడి జరిగింది కాబట్టి దీన్ని 'ఐరన్ బౌల్' అంటారు. భార్యది ఒక జట్టు, భర్తది ఇంకో జట్టు అయిన ఇళ్లు ఇక్కడ బోలెడు. అలాంటి వాళ్ల కోసం రెండు జట్ల గుర్తులూ సగం సగం ఉన్న కారు ప్లేట్లు కూడా అమ్ముతారు.

నేను ఇక్కడ విద్యార్థులకు, వాళ్ల కుటుంబాలకు కౌన్సెలర్‌గా పదిహేనేళ్లకు పైగా పని చేస్తున్నాను. ఐరన్ బౌల్ సాధారణంగా నవంబరు చివర్లో వస్తుంది. ఆ తర్వాతి సోమవారం నా దగ్గరికి వచ్చేవాళ్ల మాటల్లో ఎక్కడో ఒకచోట ఆట దొర్లుతుంది, వచ్చిన కారణం వేరే అయినా సరే. ఇన్నేళ్లుగా వింటున్నదాన్ని బట్టి చెబుతున్నాను. అభిమానులకు జరిగే నష్టం ఎక్కువగా జరిగేది ఆట నడుస్తున్నప్పుడు కాదు, ముగిశాక మొదటి గంటలో. జనం నమ్మే అపోహలు కూడా చాలావరకు ఆ గంట చుట్టూనే ఉన్నాయి.

అపోహ: ఆడేది వాళ్లు. కూర్చుని చూసేవాళ్ల ఒంటికి ఏమవుతుంది?

2013 నవంబరు 30. స్కోరు 28-28. టైమ్ అయిపోయిందని అందరూ అనుకున్నారు. అలబామా కోచ్ నిక్ సేబన్ ఒప్పుకోలేదు. రిఫరీలు వీడియో చూసి గడియారంలో ఒక్క సెకను తిరిగి పెట్టారు. ఆ సెకనులో అలబామా 57 గజాల దూరం నుంచి ఫీల్డ్ గోల్‌కి, అంటే గోల్‌పోస్టుల మధ్య నుంచి పోయేలా బంతిని తన్నింది. బంతి అందాల్సినంత దూరం పోలేదు. గోల్‌పోస్టుల దగ్గర కాచుకుని ఉన్న ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరిదాకా, 109 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని అవతలి జట్టు గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చాడు. 34-28. అడిగి పెట్టించుకున్న సెకనులోనే అలబామా ఓడిపోయింది. ఇక్కడ దాన్ని 'కిక్ సిక్స్' అంటారు.

ఆ రాత్రి నేను స్నేహితుల ఇంట్లో ఉన్నాను. గదిలో ఇరవై మంది. సగం మంది గాల్లోకి ఎగిరారు, సగం మంది కూర్చున్నచోటే బిగుసుకుపోయారు. డెబ్భై దాటిన ఒక పెద్దాయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని సోఫా అంచున ఉండిపోయారు. అదృష్టం, ఆయనకు ఏమీ కాలేదు. కానీ ఆ పది నిమిషాలూ నేను టీవీ చూడలేదు, ఆయన్నే చూశాను.

వాస్తవం ఏమిటంటే చూసేవాళ్ల గుండె కూడా ఆడేవాళ్ల గుండెలాగే పరిగెత్తుతుంది. కెనడాలో ఐస్ హాకీ అభిమానుల నాడిని కొలిచారు. టీవీలో చూసినవాళ్లకు సగటున 75 శాతం, స్టేడియంలో చూసినవాళ్లకు 110 శాతం పెరిగింది. కొలిచింది కొద్దిమందినే, అయినా చురుగ్గా నడిచినప్పుడు, పరిగెత్తినప్పుడు పెరిగే లెక్క అది. 2006లో జర్మనీలో సాకర్ ప్రపంచకప్ జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో ఇంకో లెక్క తీశారు. జర్మనీ ఆడిన రోజుల్లో గుండెకు సంబంధించిన ఎమర్జెన్సీలు మామూలు రోజులకంటే 2.66 రెట్లు వచ్చాయి. అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ.

మన ఇళ్లలో బీపీ, షుగరు ఉన్న అమ్మానాన్నలు ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండటానికి వస్తారు. అల్లుడితోనో మనవడితోనో కూర్చుని ఈ ఆట చూస్తారు, నియమాలు తెలియకపోయినా ఇంట్లోవాళ్ల టెన్షన్ చూసి వాళ్లకూ టెన్షన్ పట్టుకుంటుంది. ఆ రోజు వాళ్ల మాత్రలు వేళకు పడ్డాయో లేదో చూడండి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు పట్టడం కనిపిస్తే "ఈ ఓవర్‌టైమ్ అయ్యాక చూద్దాం" అనుకోకుండా 911కి ఫోన్ చెయ్యండి.

అపోహ: గొడవలూ ప్రమాదాలూ ఓడిపోయిన వాళ్ల వల్లే

నేను అన్నిటికంటే ఎక్కువ వాదించేది దీని మీదే. ఓడినవాడు కోపంగా ఉంటాడు, వాడిని కాస్త చూసుకోవాలి అని అందరికీ తెలుసు. గెలిచినవాడిని ఎవరూ చూసుకోరు.

అమెరికాలో 2001 నుంచి 2008 దాకా జరిగిన పెద్ద ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటలను, ఆ రోజుల్లో జరిగిన రోడ్డు ప్రమాద మరణాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఆట ఎంత హోరాహోరీగా సాగితే మరణాలు అంత ఎక్కువ. ఏకపక్షంగా ముగిసిన ఆటల రోజుల్లో ఈ పెరుగుదల లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, గెలిచిన అభిమానులు ఉన్న ప్రాంతాల్లోనే పెరిగాయి, ఓడినవాళ్ల ఊళ్లలో పెరగలేదు. దీనికి ఆ పరిశోధకులు ఊహించిన కారణం టెస్టోస్టెరాన్. జార్జియా, జార్జియా టెక్ బాస్కెట్‌బాల్ ఆటలో మగ అభిమానుల లాలాజలం పరీక్షించిన వేరే అధ్యయనంలో, గెలిచినవాళ్లలో ఆ హార్మోన్ పెరిగింది, ఓడినవాళ్లలో తగ్గింది. చివరి నిమిషంలో గెలిచినవాడు ఒంట్లో ఆ ఊపు అలాగే ఉండగా కారు తాళం తీస్తాడు. తాను మామూలుగానే ఉన్నాననుకుంటాడు. చుక్క మందు ముట్టకపోయినా ఇదే పరిస్థితి, పొద్దుటి నుంచి పార్కింగ్ లాట్‌లో తాగుతూ ఉంటే చెప్పనక్కర్లేదు.

అందుకే మా విద్యార్థులతో ఒక మాట ఒప్పించుకుంటాను. గెలిచినా ఓడినా, ఆట అయ్యాక గంటసేపు కారు కదలదు. పార్కింగ్‌లో ఎలాగూ ట్రాఫిక్ కదలదు కదా, ఆ సమయంలో అక్కడే తినండి, నీళ్లు తాగండి, ఇంటికి ఫోన్ చెయ్యండి.

ఓడినవాళ్ల వైపు కూడా ఒక నిజం ఉంది, అది దాచకూడదు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, తప్పకుండా గెలుస్తుందని అందరూ అనుకున్న సొంత జట్టు ఓడినప్పుడు ఇళ్లలో భార్యల మీద, గర్ల్‌ఫ్రెండ్‌ల మీద మగవాళ్లు చేసే దాడులు సుమారు 10 శాతం పెరిగాయి. అదీ ఆట ముగిసే వేళకు అటూ ఇటూ కొద్ది గంటల్లోనే. పోటాపోటీగా ఉంటుందని ముందే అనుకున్న ఆటలో ఓడితే ఆ పెరుగుదల కనిపించలేదు. అంటే మనిషిని దెబ్బతీసేది ఓటమి కంటే, గెలుస్తామన్న ధీమా విరగడం. కాలేజీ ఆటల మీద జరిగిన పరిశోధనలో కూడా ఊహించని ఫలితం వచ్చిన రోజుల్లోనే ఆతిథ్య ఊళ్లో నేరాలు ఎక్కువ పెరిగాయి. ఆట రోజున ఇంట్లో భయం భయంగా గడపాల్సి వస్తోందంటే దానికి ఆట కారణమని సర్దుకోకండి, ఎవరికైనా చెప్పండి. ఆట సాకు మాత్రమే, చెయ్యి ఎత్తింది మనిషి.

అపోహ: రిఫరీ మోసం చేశాడు, నేను కళ్లారా చూశాను

కళ్లారా చూసిన మాట నిజమే. అయితే ఎవరి కళ్లు అన్నది కూడా అడగాలి.

1951 నవంబరులో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ యూనివర్సిటీల మధ్య చాలా మొరటైన ఆట ఒకటి జరిగింది. ప్రిన్స్‌టన్ హీరో డిక్ కాజ్‌మేయర్ ముక్కు విరిగి బయటికి వెళ్లిపోయాడు. తర్వాత డార్ట్‌మత్ ఆటగాడి కాలు విరిగింది. తప్పు మీదంటే మీదని రెండు క్యాంపస్‌ల పత్రికలూ దుమ్మెత్తి పోసుకున్నాయి. అప్పుడు ఆల్బర్ట్ హాస్టార్ఫ్, హాడ్లీ కాంట్రిల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు రెండు చోట్లా విద్యార్థులకు ఒకే ఫిల్మ్ వేసి, కనిపించిన తప్పులు రాసుకోమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ విద్యార్థులకు సగటున 9.8 కనిపించాయి. డార్ట్‌మత్ విద్యార్థులకు 4.3 మాత్రమే. ఫిల్మ్ ఒక్కటే, అందులో మార్పు లేదు.

దీన్ని నేను చాలామందికి చెప్పాను. నాకు నచ్చేది ఏమిటంటే, అందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. ప్రతి ఒక్కరూ తమకు కనిపించిందే రాశారు. అందుకే ఆట అయిన వెంటనే అవతలి జట్టు బావగారితో ఆ పెనాల్టీ గురించి వాదిస్తే తెగదు. ఆయన మొండికేస్తున్నాడని మీకు అనిపిస్తుంది, మీరు మొండికేస్తున్నారని ఆయనకు అనిపిస్తుంది. ఇద్దరూ చూసినవాళ్లే.

అపోహ: గట్టిగా అరిచేస్తే కోపం దిగిపోతుంది

దిగదు. 1969లో ఆర్మీ, నేవీ జట్ల ఫుట్‌బాల్ ఆటకు ముందూ తర్వాతా ప్రేక్షకులను ప్రశ్నించారు. ఆట తర్వాత కసి పెరిగింది, అదీ గెలిచినవాళ్లలో, ఓడినవాళ్లలో ఇద్దరిలోనూ. పోల్చడానికి జిమ్నాస్టిక్స్ పోటీ చూసినవాళ్లను అడిగితే వాళ్లలో అలా పెరగలేదు. స్టేడియంలో అరవండి, అది పండగ. ఇంటికి వచ్చాక కూడా అరుస్తూ ఉంటే మాత్రం మంట మీద గాలి ఊదినట్టే.

అపోహ: ఆటగాళ్లకు ఇలాంటివి అలవాటే, ఫోన్‌లో నాలుగు తిడితే ఏమీ కాదు

కిక్ సిక్స్ ఆటలోనే అలబామా కిక్కర్ కేడ్ ఫోస్టర్ మూడు ఫీల్డ్ గోల్స్ చేయలేకపోయాడు. అతను ఒక కాలేజీ విద్యార్థి. ఆ రాత్రి సోషల్ మీడియాలో అతనికి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. ఆ తర్వాత మాజీ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ అతనికి ధైర్యం చెబుతూ చేత్తో రాసిన చీటీ పంపారు. ఫోస్టర్ జెర్సీ నంబరు 43, బుష్ అమెరికా 43వ అధ్యక్షుడు. ఆ చీటీ గురించి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. తిట్టినవాళ్లలో చాలామందికి మర్నాడు పొద్దున అదే మాట మళ్లీ రాయమంటే చెయ్యి ఆడదు. ఆ మొదటి గంటలో ఫోన్ వేరే గదిలో పెట్టమని నేను చెప్పేది ఇందుకే.

అపోహ: వీరాభిమానులు పనీపాటా లేని ఒంటరి మనుషులు

కెంటకీలోని మర్రే స్టేట్ యూనివర్సిటీలో డేనియల్ వాన్ అనే సైకాలజిస్టు అభిమానుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఉన్న ఊరి జట్టుతో గట్టిగా మమేకమైనవాళ్లలో ఒంటరితనం తక్కువగా కనిపించింది. నేను చూసిందీ అదే. ఇక్కడికి వచ్చి మొదటి సంవత్సరం గది దాటి బయటికి రాని తెలుగు కుర్రాడు, ఆబర్న్ జట్టు నారింజ రంగు చొక్కా ఒకటి కొనుక్కున్న రోజు నుంచి సూపర్ మార్కెట్ క్యూలో ముక్కూమొహం తెలియని మనిషి ఆబర్న్ అభిమానుల నినాదం "వార్ ఈగిల్" అని పలకరిస్తే నవ్వుతూ బదులిచ్చాడు. ఆ నవ్వు చూడటానికి నాకు ఆరు నెలలు పట్టింది.

హద్దు దాటినవాళ్లు లేరని కాదు. 2010లో ఆబర్న్ 24-0 వెనుకబడి కూడా 28-27తో గెలిచింది. ఆ తర్వాత ఒక అలబామా అభిమాని, ఆబర్న్ జనం గెలిచినప్పుడల్లా కాగితపు చుట్టలు విసిరి పండగ చేసుకునే టూమర్స్ కార్నర్‌లోని పెద్ద ఓక్ చెట్లకు కలుపుమందు పోశాడు. రేడియో షోకి ఫోన్ చేసి తనే చెప్పుకున్నాడు. చెట్లు దక్కలేదు, 2013లో కొట్టేయాల్సి వచ్చింది, అతను జైలుకు వెళ్లాడు. అయితే ఆ చెట్ల కోసం చందాలు పోగుచేసినవాళ్లలో అలబామా అభిమానులు కూడా ఉన్నారు. ఆ కథ చెప్పేవాళ్లు ఈ రెండో సగం వదిలేస్తుంటారు, అది నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ఈ ఓటమి నుంచి నేను తేరుకోలేను

యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా విద్యార్థులను ముందే అడిగారు, ఫుట్‌బాల్ ఆట ఫలితం మీ సంతోషాన్ని ఎన్ని రోజులు పట్టి ఉంచుతుందని. వాళ్లు చెప్పినన్ని రోజులు అది నిలవలేదు. ఆ రోజుల్లో ఇంకా ఏమేం పనులుంటాయో ముందు రాసుకున్నవాళ్ల అంచనా మాత్రం నిజానికి దగ్గరగా వచ్చింది. నేను ఇప్పుడు అదే అడుగుతాను. "సోమవారం ఏం క్లాసు ఉంది? మంగళవారం ఎవరితో భోజనం?" "ఆటే కదా, వదిలెయ్" అని మాత్రం ఎప్పుడూ అనను. ఆ మాట విన్నవాళ్లు నా దగ్గర మళ్లీ నోరు విప్పరు.

2023 నవంబరు ఐరన్ బౌల్‌లో అలబామాకు నాలుగో ప్రయత్నంలో, అంటే బంతి చేజారకముందు మిగిలిన చివరి అవకాశంలో, 31 గజాలు కావాల్సి వచ్చింది. అదే ఆఖరి ఆశ. 32 సెకన్లు ఉండగా జేలెన్ మిల్రో విసిరిన బంతిని ఐజేయా బాండ్ ఎండ్ జోన్ (టచ్‌డౌన్ వచ్చే చివరి భాగం) మూలలో అందుకున్నాడు. 27-24తో అలబామా గెలిచింది. నాకు తెలిసిన తెలుగు దంపతుల్లో ఆయన ఆబర్న్‌లో చదివారు, ఆవిడ టస్కలూసాలో. అంతకుముందు ఒక ఏడాది ఈ ఆట తర్వాత ఇద్దరూ మూడు రోజులు మాట్లాడుకోలేదు. ఈసారి ముందే ఒప్పందం చేసుకున్నారు: గంటసేపు ఆట ఊసెత్తకూడదు, ఫోన్లు చూడకూడదు. ఆయన లేచి అంట్లు తోమారు. ఆవిడ పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టారు. గంట దాటాక ఆయనే వచ్చి సోఫాలో కూర్చుని, "ఆ ఆఖరి బంతి ఇంకోసారి పెట్టు" అన్నారట.