గుమ్మం దగ్గర అడిగిన మాట డాక్టరు దాకా: ఒక జట్టు వెనక కథ

2020 ఏప్రిల్ చివర్లో విజయవాడ కృష్ణలంకలో రెండు డజన్ల మందికి ఒకే చోటు నుంచి కరోనా అంటుకుందని అప్పటి జిల్లా కలెక్టర్ ప్రకటించారు. లాక్‌డౌన్‌లో పొద్దుపోక నలుగురూ చేరి పేకాట ఆడారు, అక్కడి నుంచి పాకింది. అందరం ఆ పేకాట గురించే మాట్లాడుకున్నాం. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం వేరే సంగతి. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో ఏ ల్యాబూ చెప్పలేదు. ఎవరో ఒకరు గుమ్మం ముందు నిలబడి అడగాలి, విసుక్కున్నా మళ్లీ వెళ్లి అడగాలి. విన్నది ఏఎన్‌ఎంకు, అంటే ఆ ప్రాంతం చూసే ఆరోగ్య కేంద్రం నర్సుకు చెప్పాలి, ఆమె మెడికల్ ఆఫీసర్‌కు చెప్పాలి, ఆయన ఆ మాట నమ్మాలి.

ఇలా డాక్టరు నుంచి గుమ్మం దగ్గర అడిగే మనిషి దాకా ఒక జట్టుగా పనిచేయాలన్న ఆలోచన స్వాతంత్య్రానికి ముందే కాగితం మీదికి వచ్చింది. 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 40 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలంది. ఇద్దరు డాక్టర్లు, ఒక నర్సు, నలుగురు పబ్లిక్ హెల్త్ నర్సులు, నలుగురు మిడ్‌వైఫ్‌లు, ఇద్దరు శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, ఇద్దరు హెల్త్ అసిస్టెంట్లు, ఒక ఫార్మసిస్టు. వీళ్లతో పాటు శిక్షణ ఇచ్చిన నలుగురు మంత్రసానులు. మంత్రసానిని డాక్టరున్న పట్టికలోనే రాయడం ఆ నివేదికలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. 1952 నుంచి కేంద్రాలు వచ్చాయి గానీ అంతమంది సిబ్బంది రాలేదు.

ఆ తర్వాత రోగానికో మనిషి. మలేరియాకు ఒకరు, మశూచి టీకాకు ఒకరు, కుటుంబ నియంత్రణకు ఇంకొకరు. ఒకే ఇంటికి ముగ్గురు వెళ్లేవాళ్లు, ఒకరు కనుక్కున్నది ఇంకొకరికి తెలిసేది కాదు. 1973లో కేంద్రం వేసిన కర్తార్ సింగ్ కమిటీ ఈ పనులన్నీ కలిపేయమంది. మన ఆరోగ్య కేంద్రాల్లో ఇప్పటికీ వినపడే ‘మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్’ అన్న హోదాకు మూలం అదే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వెయ్యి మందికి ఒక ఆశా కార్యకర్త వచ్చింది. ఆమె ఆ ఊరి మనిషే కావాలన్నారు, అది చాలా మంచి ఆలోచన. కానీ ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త అన్నారు.

ఇదంతా పల్లెల కోసం అల్లిన అల్లిక. విజయవాడ, గుంటూరు లాంటి చోట్ల జ్వరమొస్తే వీధి చివర ఆర్‌ఎంపీ, లేదంటే పెద్దాసుపత్రి. 50 వేల మందికి ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం అన్న లెక్క 2013లో గానీ రాలేదు. వార్డు సచివాలయాలైతే 2019 అక్టోబరులో మొదలయ్యాయి. అంటే లాక్‌డౌన్ నాటికి చాలా వార్డుల్లో ఆరోగ్య కార్యదర్శిగా చేరిన ఏఎన్‌ఎంకు ఆర్నెల్ల సర్వీసు కూడా లేదు. ఇంకా వీధులే సరిగ్గా తెలియని అమ్మాయిని కంటైన్మెంట్ జోన్‌లోకి పంపాం. ఆమెకు దారి చూపింది ఆశాలు, వలంటీర్లు.

2021 మేలో గుంటూరులో మా పిన్నికి పాజిటివ్ వచ్చింది. హోమ్ ఐసోలేషన్ కిట్ తొమ్మిదో రోజున ఇంటికొచ్చింది, అప్పటికే మందులు బయట కొనేశాం. పాజిటివ్ వచ్చినవాళ్ల జాబితా పైనుంచి కిందికి రావడంలోనే అన్ని రోజులు పోయాయి. వీధిలో ఆశా మాత్రం ఏ జాబితా కోసమూ ఆగలేదు. ఎవరో చెబితే విని రెండో రోజే వచ్చి, గేటు బయట నిలబడి ఆక్సీమీటర్ అందించి, “94 కంటే తగ్గితే నాకు ఫోన్ చెయ్యండమ్మా, ఎంత రాత్రయినా సరే” అంది. ఒక రాత్రి 91 చూపించింది. ఆశా ఏఎన్‌ఎంకు చేసింది, ఏఎన్‌ఎం డాక్టరుకు చేసింది. డాక్టరు పావుగంటలో మాకే ఫోన్ చేసి, పిన్నిని బోర్లా పడుకోబెట్టమని, ఈలోగా బెడ్ చూస్తానని చెప్పారు. ఆయన ఆశాను మళ్లీ ప్రశ్నలు వేస్తూ కూర్చోలేదు. మా టెన్షన్ సగం అక్కడే తగ్గింది. ఏళ్ల తరబడి ఒకరి పని ఒకరు చూసుంటే తప్ప అలాంటి నమ్మకం కుదరదని నా అభిప్రాయం.

2020 మార్చి 26న కేంద్రం ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటించినప్పుడు అందులో ఆశాలను కూడా చేర్చింది. చనిపోతే డాక్టరు కుటుంబానికీ ఆశా కుటుంబానికీ ఒకే మొత్తం. బతికి పనిచేసినన్నాళ్లూ ఆశాకు మన రాష్ట్రంలో నెలకు పదివేల గౌరవ వేతనం.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. ఆ తర్వాత కూడా వాళ్లు విజయవాడ ధర్నా చౌక్‌కు వస్తూనే ఉన్నారు. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం గ్రాట్యుటీకి, 180 రోజుల ప్రసూతి సెలవుకు, 62 ఏళ్ల వరకు కొనసాగింపుకు ఒప్పుకుంది. ప్రభుత్వ ఉద్యోగిగా గుర్తింపు మాత్రం ఇవ్వలేదు.